పాకం పట్టిన మీటరు

మొన్న పంజగుట్టలో మా అపార్టుమెంటు లిఫ్టు చూడ్డానికొచ్చిన ఎలక్ట్రీషియన్ చేతిలో డిజిటల్ మీటరు మొండికేసింది. అతను దాన్ని రెండుసార్లు తట్టి, "ఖరాబైంది ఆంటీ, కొత్తది తీస్కుంట" అంటూ సంచిలో పడేసుకున్నాడు గానీ, స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వు బాబూ అని నోటిదాకా వచ్చిన మాటను ఎలా మింగానో నాకే తెలుసు.

డిప్లొమా అయిన కొత్తలో నేను అమీర్‌పేటలో మా మేనమామ మోటారు రివైండింగు షాపులో పనిచేసేదాన్ని. కోచింగు బోర్డులు ఇంకా కమ్ముకోని ఆ సందులో, వార్నిషు వాసన వేసే ఆ గదిలో, మోటారులో కరెంటు ఎక్కడైనా లీకవుతోందా అని చూసే, మామయ్యకు ప్రాణంతో సమానమైన మీటరొకటుండేది. వైర్లు మోటారుకు తగిలించి పిడి తిప్పితే, ముల్లు అటు చివరికెళ్తే కాయిల్ బాగున్నట్టు, సున్నాకు పడితే పోయినట్టు. మామయ్య తన కళ్ళనైనా అనుమానించేవాడేమో గానీ దాన్ని కాదు.

ఓ వానాకాలం ఉదయం వీధి చివరింటి అన్న నీళ్ళ మోటారును ఆటోలో వేసుకొచ్చాడు. మర్నాడే వాళ్ళ చెల్లెలి పెళ్ళి. ట్యాంకులో చుక్క నీళ్ళు లేవు. మామయ్య పిడి తిప్పితే ముల్లు సున్నాకు పడింది. కొత్త కాయిల్ చుట్టాలి, రెండు రోజులు పడుతుందన్నాడు. ఆ అన్న మెట్ల మీద కూలబడ్డాడు.

"గట్లనకుండ్రి సార్, చుట్టాలు సుత దిగిన్రు. జర ఏమన్న చెయ్యిండ్రి."

అప్పుడు తట్టింది నాకు, ఆ పొద్దున వచ్చిన మోటార్లన్నిటికీ ఇదే తీర్పు అయిందని. ఒకే పూట అన్నీ కాలిపోతాయా? మీటరు వైర్లు దేనికీ తగిలించకుండా గాల్లో విడివిడిగా ఉంచి పిడి తిప్పాను. ముల్లు మళ్ళీ సున్నాకే.

"ఏంటే, గాలికి కూడా కాయిల్ పోయిందా?" అన్నాడు మామయ్య తెల్లబోయి.

వైర్లు ఊడదీసినా అదే వరస. స్క్రూలు విప్పి మూత తీసేసరికి బిలబిలమంటూ ఎర్రచీమలు! అత్తయ్య పంపిన పాకం గారెల డబ్బాను ముందురోజు మామయ్యే దాని నెత్తిన పెట్టి మరిచిపోయాడు. కారిన బెల్లం పాకం వైర్లు తగిలించే రెండు చోట్లనూ కలిపేస్తే, కరెంటు ఆ తియ్యటి దారినే పోతోంది. ముగ్గురం పడీపడీ నవ్వి, తలలు దగ్గర పెట్టుకుని చీమలు దులిపి, పాకం తుడిచి, స్పిరిటుతో శుభ్రం చేసి, బల్బు వేడికి ఆరబెట్టాం. ఈసారి గాల్లో తిప్పితే ముల్లు హాయిగా అటు చివరికెళ్ళింది. మోటారుకు పెట్టినా అంతే. కాయిల్ భేషుగ్గా ఉంది, పోయింది కెపాసిటరొక్కటే. అది మార్చగానే మోటారు గుర్రుమంది.

"మస్తు పని చేసినవ్ అక్కా! రేపు అందరు పెండ్లికి రావాలె" అన్నాడా అన్న, కళ్ళలో నీళ్ళతో నవ్వుతూ. పెళ్ళికి వెళ్ళాం. బూరెలు వడ్డించబోతే మామయ్య ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టడం చూసి నాకు పొలమారింది.

మామయ్య ఇప్పుడు లేడు. షాపున్న చోట లేడీస్ హాస్టల్ లేచింది. చెడినదాన్ని విప్పి చూసే ఓపిక ఈ కాలానికి లేకపోతే పోనీ, దాని పనులు దానికున్నాయి. నాకు అర్థం కానిదల్లా ఒకటే: పెళ్ళి ముంచుకొస్తున్నా ముగ్గురం నవ్వుకుంటూ ఒక్క వస్తువు ముందు కూర్చోగలిగామే, మాకప్పుడు అంత తీరిక ఎక్కడిదో!