మా వదిన నోరు మూయించిన పిల్ల

మా వదినకు నోరెక్కువ. ఆ సంగతి మా అన్నయ్య కన్నా ఆవిడ పనిచేసే బడికే బాగా తెలుసు. చూపు లేని పిల్లలు, వినపడని పిల్లలు, నడవలేని పిల్లలు చదువు ముగించి ఏ కాలేజీలోనో, ఏ పనిలోనో కుదురుకునేదాకా వాళ్ల వెంట తిరగడమే ఆవిడ ఉద్యోగం. "ముందు తల్లుల నోరు కట్టాలి. అప్పుడు పిల్లలు వాళ్లంతట వాళ్లే మాట్లాడతారు" అంటుంది. అందుకే ఇంటర్వ్యూకి వెళ్లేముందు తల్లి చేతిలో పిప్పరమెంటు బిళ్లలు పెడుతుంది. అవి నోట్లో కరిగేదాకా ఆ తల్లి పెదవి విప్పకూడదు.

ఒకసారి నేను పనిచేసే హోటల్ లాండ్రీకే ఒక పిల్లను తీసుకొచ్చింది. ఆ పిల్లకు మాట ఆగి ఆగి వస్తుంది, చేతులు మాత్రం చకచకా ఆడతాయి. అంతకుముందు తల్లీకూతుళ్లిద్దరే వెళ్లినచోటల్లా అడిగినదానికి తల్లే జవాబు చెప్పేసరికి, పిల్లకేమీ రాదనుకుని పంపేశారు. బడి ముగియబోతోంది. ఇక్కడా కుదరకపోతే ఇక ఇంట్లో కూర్చోవడమే.

కొత్తవాళ్లకు పని నేర్పేదాన్ని కాబట్టి నన్నూ గదిలో ఉండమన్నారు. మేనేజరు దుప్పటి ఇస్తే పిల్ల అంచుకు అంచు కలిపి మడిచింది. వంక పెట్టడానికి నాకే ఏమీ దొరకలేదు.

"మెషిన్ మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావమ్మా?" అన్నాడాయన.

పిల్ల గొంతు సవరించుకుంది. మాట రాలేదు. తల్లి బిళ్ల చప్పరిస్తూ బిగుసుకుని కూర్చుంది. ఆగలేకపోయింది మా వదినే.

"నాకు ఫోన్ చేస్తుందండీ. నేను వెంటనే వచ్చేస్తా."

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. తల్లి తన దగ్గర మిగిలిన బిళ్ల తీసి వదిన చేతిలో పెట్టింది.

పిల్ల చెయ్యెత్తింది. "టీచర్... ఉండండి. నన్ను... అడిగారు."

వదిన టక్కున నోరు మూసింది. మా ఇంట్లో ఎవరివల్లా కాని పని అది.

"స్విచ్... ఆపేస్తా. ఈ అక్కని... పిలుస్తా" అని నన్ను చూపించింది. "టీచర్ని పిలవను. ఆవిడకి... బడి ఉంటుంది."

మేనేజరు తలూపాడు. "సోమవారం నుంచి వచ్చెయ్యమ్మా."

వదిన గేటు దాటకముందే అన్నయ్యకు ఫోన్ చేసింది. కళ్ల నీళ్లు కారిపోతున్నా తుడుచుకోలేదు.

"ఏమండీ, విన్నారా? ఇక నేను అక్కర్లేదట."