మిషను మీద చెయ్యి

చాచా పోయినాడని ఉదయగిరి బస్సు కండక్టరు చెప్పినాడు. రోజూ మాదిరే చాచా ఆ బస్సు దిగుతాడని నేను ఆత్మకూరు స్టాండులో చూస్తా నిలబడి ఉండాను. గుండెనొప్పంట. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

మా నూనె మిల్లు ఆఫీసులో కంప్యూటరు చూసుకునే పెద్దాయన ఆయన. అందరికీ చాచానే. మా పక్క ఊళ్లలో ఇంకా కంప్యూటరు చూసినవాళ్లే తక్కువ. నేను పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకుని, సరుకు లెక్కలకు ప్రోగ్రాం రాసినాను. అది ఎక్కించిన కొత్తలోనే షెల్ పడిపోవడం మొదలైంది. షెల్ అంటే మనం కొట్టిన మాట విని మిషనుతో పని చేయించేది. డాలరు గుర్తు చూపించి కాచుకోనుంటాది. ఉన్నట్టుండి తెర నిండా పిచ్చి అక్షరాలు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఒకరోజు పడేది, మర్నాడు బాగుండేది. మెమరీలో ఏదో చెడతా ఉండాదని అర్థమైంది. చెరిపేది ఎవరో అంతుపట్టలేదు.

"ఇంకెవరు, నీ ప్రోగ్రామే. ఈ వారంలో తేల్చు, లేదంటే మీ వింజమూరు బస్సెక్కు," అన్నాడు ఓనరు.

నాకు మండిపోయి మిషనంతా విప్పబోతే చాచా చెయ్యి పట్టుకున్నాడు.

"రోజుకు ఒక్కటే మార్చాలరా. నాలుగూ ఒకేసారి పీకితే దొంగ ఎవరో ఎట్ట తెలస్తాది?"

ముందు మిల్లు మోటార్ల కరెంటు లైను నుంచి కంప్యూటరును వేరు చేయించినాడు. అయినా పడింది. మర్నాడు, "ఈరోజు నీ ప్రోగ్రాం ముట్టుకోబాకు," అన్నాడు. ఊరికే టైము అడిగే కమాండు కొడతా కూర్చున్నాం. పడితే బాగుండునని నేను మొక్కుకుంటా ఉండాను. మధ్యాహ్నం పడింది. నాకు నవ్వు ఆగలేదు.

"పళ్లికిలించబాక. నువ్వు కాదని తేలింది, అంతే. దొంగ ఇంకా ఇంట్లోనే ఉండాడు."

తెర మా గదిలో, మిషను పక్క గదిలో. మూడోరోజు ఆయన ఆ గదిలో స్టూలేసుకుని, బిడ్డకు జ్వరం చూసినట్టు మిషను మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. లోడు వచ్చింది, శెనక్కాయలు కొట్టడం మొదలైంది, పొట్టు దుమ్ము లేచింది. ఊడ్చే అవ్వ వచ్చి, ఓనరు ముచ్చటపడి కుట్టించిన మఖమల్ ముసుగును నడిచే మిషనుకు నిండా కప్పేసింది.

చాచా ముసుగు కింద నుంచి చెయ్యి తీయలేదు. అరచెయ్యి కాలేదాకా ఉంచినాడు. అప్పుడే షెల్ పడింది.

"అవ్వా, దానికీ గాలాడాల గదా."

"దుమ్ము పడితే చస్తాదని, లోడు వచ్చినరోజల్లా మీ ఓనరే కప్పమన్నాడు నాయనా."

ముసుగు తీసేసినాక పడటం ఆగింది. నాకది చాలు. చాచాకు చాలలేదు. ఓనరును పిలిచి, మళ్లీ కప్పించి, ఆయన కళ్ల ముందరే పడేదాకా కూర్చోబెట్టినాడు. నా ఉద్యోగం నిలబడింది ఆ పూటే.

"వచ్చిపోయే జబ్బును నమ్మబాకురా. పోయిందంటే బాగైనట్టు కాదు," అన్నాడు చాచా బయటికొస్తా.

అంత తెలిసిన మనిషి బస్సు దిగి ఛాతీ పట్టుకుని నిలబడేవాడు. ఆస్పత్రికి పోదాం పద చాచా అంటే, గోళీసోడా తాగి, "గ్యాసురా, వస్తాది పోతాది," అనేవాడు. నా కోపం ఆ మాట మీద.

ఈరోజు కాయల లోడు వచ్చింది. ముసుగు మడత పెట్టి బీరువా మీద ఉండాది. అయినా గుబులే. ఆయన స్టూలు మీద కూర్చుని మిషను మీద చెయ్యి పెట్టినాను. గోరువెచ్చగా ఉండాది. తీయబుద్ధి కాలేదు.