దూది కుక్కిన డబ్బాలు

మందుపాతర పక్కనుంచి నా కాలిని తప్పించిన దేవునికి స్తోత్రం. వాగు పొంగిన రోజు నన్ను ఒడ్డు చేర్చిన దేవునికి స్తోత్రం. అడవిలో నాతో నడిచి, ఇంటికి ప్రాణంతో తెచ్చిన ప్రభువుకే మహిమ. ముందు ఈ మాట చెప్పుకోవాలి. తరువాత చెప్పేదంతా చేదు.

ఆ క్యాంపులో జూలైలో చేరాను. ఖమ్మం నుంచి బస్సు. బూర్గంపాడు దాటాక గోదావరి వంతెన. నది ఎర్రగా, ఒడ్డుల నిండా ఉంది. భద్రాచలంలో మా బలగం లారీ ఎక్కాను. అడవి మొదలైన చోట లారీ ఆగింది. అక్కడి నుంచి నడక. ఆ రోడ్డు మీద మా బలగం బండ్లు నడపకూడదని ఆర్డరు. తారు కింద ఏముందో ఎవరికీ తెలియదు. మనిషికీ మనిషికీ మధ్య పది గజాల ఎడం. ముందున్నవాడు అడుగేసిన చోటే అడుగు. భుజాన రైఫిలు, వీపున మందుల సంచి. వాన ఆగలేదు. క్యాంపు చేరేసరికి మధ్యాహ్నం మూడు. బూట్లు విప్పితే లోపల నీళ్లు, నీళ్లలో జలగ.

క్యాంపంటే ఇసుక బస్తాల గోడ, ముళ్లకంచె, మూలకొక మోర్చా అనే కాపలా గూడు, మధ్యలో రేకుల బ్యారక్. కంచె అవతల మట్టిరోడ్డు. రోడ్డు అవతల సర్కారు బడి. నేను మెడిక్‌ని. జవాన్ల మలేరియా చూడటం, గాయాలు కట్టడం నా పని. సాయంత్రం ఒక గంట గేటు దగ్గర ఊరివాళ్లకు మందులివ్వడానికి అనుమతి ఉండేది. నాది దమ్మపేట. తెలుగు వచ్చినవాళ్లం క్యాంపులో ఇద్దరమే. రెండో అతను సెట్ ఆపరేటర్, అంటే వైర్‌లెస్ చూసుకునేవాడు. కారేపల్లి అతనిది.

ఆదివారం ఆరాధనకు నాకక్కడ సంఘం లేదు. మోర్చాలో కూర్చుని లేఖనాలు చదువుకునేవాణ్ణి. ఆపరేటర్ చదువుకోనిచ్చేవాడు కాదు.

“పాస్టర్ సాబ్, జర గీ దోమల కోసం గూడ ప్రార్థన చెయ్‌రాదు. మారుమనసు పొందితే ఇంకో క్యాంపుకు పోతయేమో.”

“ముందు నీ కోసం చేస్తున్నా. నీదయ్యాక దోమలది.”

“అయితే దోమల నంబరు ఈ జన్మల రాదు.”

బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెను ఊరంతా వంటక్క అనేది. ఆమె అసలు పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. కోయ కుటుంబం. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త పోయాడు. బడి పిల్లల్లో ఎవరికి జ్వరంతో ఒళ్లు కాలినా తల్లికంటే ముందు ఆమే రెక్క పట్టుకుని గేటు దగ్గరికి తెచ్చేది. నన్ను సూదిసారు అనేది.

“సూదిసారూ, ఈడికి గోలీ ఇయ్యకు. సూదెయ్యి. గోలీ ఇస్తే నాలిక కింద పెట్టుకోని పోయి కోడికేస్తడు.”

“కోడికి జ్వరం తగ్గిందా అక్కా?”

“కోడికేంది, మంచిగున్నది. గుడ్లు గూడ పెడతంది. ఈడే కాలిపోతండు.”

ఆగస్టు చివర అడవిలో ఆపరేషన్ మొదలైంది. కొత్త ఆర్డరు దిగింది. ఊళ్లలోకి పోయే బియ్యం, బ్యాటరీలు, మందులు చెక్‌పోస్టులో చూడాలి. డాక్టరు చీటీ లేని మందులు ఆపాలి. అడవిలో తుపాకులతో ఉన్నవాళ్లకు ఊరివాళ్లు మందులు మోస్తున్నారని అనుమానం.

ఆర్డరు వచ్చిన మర్నాడు, బుధవారం పొద్దున, సెట్ మోగింది.

“బేస్, చెక్‌పోస్ట్. ఒక మహిళ. సంచిలో మందులు. చాలా ఉన్నాయి. పేర్లు లేవు. ఓవర్.”

“చెక్‌పోస్ట్, బేస్. ఆపండి. మెడిక్ వస్తున్నాడు. ఓవర్.”

వెళ్లాను. రోడ్డు మీద షేర్ ఆటో. దిగినవాళ్లందరూ వానలో నిలబడి చూస్తున్నారు. బల్ల ముందు వంటక్క. బల్ల మీద తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలు, పదిహేను. లేబుళ్లు గోళ్లతో గీకేసి ఉన్నాయి. జిగురు మరకలు మిగిలాయి. కాపలా జవాను ఒక మూత తీసి చూపించాడు. నోటి నిండా దూది.

“చప్పుడు రాకుండా కుక్కింది. ఇది దాచడం బాగా వచ్చినవాళ్ల పని,” అన్నాడు హిందీలో.

అతను అన్నది నిజమే. ఎందుకు దాచాల్సి వచ్చిందో మాత్రం అతనికి తెలియదు.

“ఎవరివక్కా ఇవి?” అడిగాను.

“నావే.”

“అన్నీనా?”

“అవ్.”

“దేనికి?”

ఆటో దిగినవాళ్లలో ఒకామె అరిచింది. “చెప్పరాదే వంటక్కా! జల్దీ పోదం. వానల నాని సస్తన్నం.”

వంటక్క వాళ్లవైపు చూసింది. తరువాత నావైపు చూసింది. దూది తీసి ఒక గోలీ అరచేతిలో వేసుకున్నాను. పొడుగాటి గోలీ. అంతకుముందు బలగం ఆసుపత్రిలో పనిచేసినప్పుడు మా జవాన్లకే ఆ గోలీలు ఇచ్చాను. హెచ్‌ఐవీకి వేసుకునేవి. రోజుకొకటి, జీవితాంతం.

“మెడిక్, ఏం మందులు? ఓవర్.” సెట్‌లో మా క్యాంపు కమాండర్ గొంతు. ఆ మాట చుట్టుపక్కల ప్రతి క్యాంపులో వినపడుతుంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లకూ వినపడుతుంది.

“గుర్తుపట్టాను సార్. అడవిలోవాళ్లవి కావు. పేరు సెట్‌లో చెప్పను. ఎదురుగా చెప్తాను. ఓవర్.”

సెట్ గరగరమంది.

“మందులు తీసుకుని రా. ఆమెను పంపించు. ఔట్.”

సాయంత్రం ఆమె గేటు దగ్గరికి వచ్చింది. మిగతావాళ్లు పోయిందాకా ఆగింది.

“అయిదుగురం సూదిసారూ. నాలుగూళ్లోళ్లం. భద్రాచలం దవాఖానల గీ మందుల కాడనే ఒకళ్లనొకళ్లం సూసుకున్నం. వానకాలం వాగులు రానియ్యవు. అందుకే ఒక్కళ్లం పోయి అందరియి తెస్తం. దవాఖానోళ్లు ఒప్పుకున్నరు. ఈపాలి నా వంతు.”

“లేబుళ్లు?”

“దవాఖాన మెట్ల మీదనే గీకేస్తం. దూది గూడ ఆడనే కుక్కుతం. పేరు కనబడొద్దు, చప్పుడు ఇనబడొద్దు. ఒకామె అత్తకు తెల్వదు. ఒకాయన కొడుక్కు సంబంధం చూస్తండ్రు. నేనేమో పిల్లలకు వండుతున్న.”

“ఇంట్లో ఎన్నాళ్లకు ఉన్నాయి?”

“నాయి శుక్కురారం దాక. ఒకామెయి నిన్ననే అయిపోయినయ్. రోగమంటె మాకు భయం పోయింది సారూ. గోలీ తప్పితేనే భయం. మల్ల మొదటికొస్తదంట గద.”

కమాండర్‌కు అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. భద్రాచలం ఆసుపత్రికి ఫోన్ చేశాడు. మందులు తామే ఇచ్చామని చెప్పారు. పేర్లు చెప్పం అన్నారు. ఫోన్ పెట్టేసి, “పొరపాటు మనదే. తిరిగి ఇచ్చేద్దాం,” అన్నాడు.

“రేపు సాయంత్రం గేటు దగ్గర నేనే ఆమె సంచిలో వేస్తాను సార్.”

“ఎల్లుండి సివిక్ యాక్షన్ ఉంది కదా. అక్కడే ఇద్దాం.”

సివిక్ యాక్షన్ అంటే ఊళ్లతో స్నేహం కోసం మా బలగం చేసే పంపిణీ. షామియానా, మైకు, బ్యానరు. దోమతెరలు, బిందెలు, వాలీబాళ్లు. అన్నిటికంటే ముఖ్యం ఫోటో. మా కొలువులో ఫోటో లేని మేలు జరగనట్టే లెక్క.

“అందరి ముందు వద్దు సార్. ఇది పక్కింటికి కూడా చెప్పుకోని జబ్బు.”

“అదే తప్పు. వాళ్లు దాచబట్టే మనం అనుమానించాం. ఆ దాపరికం పోగొడదాం. మంచి పని చేస్తూ తలుపు మూసుకోవడం ఎందుకు?”

“ఆ తలుపు వాళ్లది సార్.”

“పైకి రిపోర్ట్ వెళ్లాలి,” అన్నాడు. డబ్బాలు ఆయన గదిలో పెట్టి తాళం వేశారు.

గురువారం ఆమెకు చెప్పాను. “ఎవ్వలం రాం,” అంది.

“రాకపోతే గోలీలెట్లా అక్కా?”

కొంగు దోపుకుని వెళ్లిపోయింది. ఆ రోజు ఉపవాసం ఉండి ప్రార్థన చేశాను. దేవుడు కమాండర్ మనసు మార్చలేదు. ఎందుకో అడిగాను. ఇప్పటికీ అడుగుతున్నాను.

శుక్రవారం బడి ముందు షామియానా వేశారు. సన్నటి జల్లు. భద్రాచలంలో రాయించిన బ్యానరు కట్టారు. ‘హెచ్‌ఐవీ రోగులకు ఉచితంగా మందుల పంపిణీ’. ఉచితం! వాళ్లకు సర్కారు ఎప్పుడో ఇచ్చిన మందులు. వాళ్ల సంచిలోంచి మేము లాక్కున్న మందులు.

దోమతెరలు పంచారు. బిందెలు పంచారు. బల్ల చివర పదిహేను డబ్బాలు మిగిలాయి. ఎవరో వాటిని శుభ్రంగా తుడిచి వరుసగా పేర్చారు. కమాండర్ మైకు నాకిచ్చి, పిలవమన్నాడు.

“నా నోటితో పిలవను సార్.”

ఆయన నన్ను ఒకసారి చూసి మైకు ఆపరేటర్‌కు ఇచ్చాడు. నవ్వకుండా ఒక్క మాట మాట్లాడలేని ఆపరేటర్ ఆ రోజు నేల చూస్తూ మాట్లాడాడు.

“హెచ్‌ఐవీ ఉన్నోళ్లు... ముందుకొచ్చి మందులు తీస్కోవాలె.”

ఎవరూ లేవలేదు.

“ఇంకోసారి చెప్పు,” అన్నాడు కమాండర్.

చెప్పాడు. ఒక తల్లి పక్కన ఆడుకుంటున్న పిల్లను ఒళ్లోకి లాక్కుంది. వెనక ఎవరో నవ్వారు. “గా రోగం మనూళ్లె ఎవనికున్నదిర?” అన్నాడో ముసలాయన. ఆ మాటతో జనం ఒకరి మొఖం ఒకరు వెతకడం మొదలుపెట్టారు. బుగ్గలు పీక్కుపోయినవాళ్ల మీద, దగ్గుతున్నవాళ్ల మీద చూపులు ఆగుతున్నాయి. మిగతా నలుగురు ఆ గుంపులోనే ఉండొచ్చు. నా చూపు ఎవరినీ పట్టివ్వకూడదని షామియానా గుంజను చూస్తూ నిలబడ్డాను.

వంటక్క లేచింది. నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. కొంగు పరిచి డబ్బాలు ఒక్కొక్కటే వేసుకోసాగింది.

“ఎవరెవరియి అక్కా?” ఆపరేటర్ మెల్లగా అడిగాడు. ఆ గుసగుస కూడా మైకులో ఊరంతా వినపడింది.

“అన్నీ నావే. ఇంకెవ్వలియి లెవ్వు. ఇగ మైకు బంద్ చెయ్యి.”

కమాండర్ చివరి డబ్బా తన చేతిలోకి తీసుకుని ఆమెకు అందిస్తున్నట్టు పట్టుకున్నాడు. ఫోటో తీసే జవాను తనకొచ్చిన ఒక్క తెలుగు మాట అన్నాడు. “అక్కా, ఇటు.”

ఆమె ఇటు చూసింది. ఫోటో వచ్చింది.

మర్నాడు గేటు దాకా రాలేదు. రోడ్డు మీదే నిలబడి చెప్పింది. “నలుగురికి అందినయ్. ఇగ నువ్వు నా కాడికి రాకు సూదిసారూ. నువ్వొస్తె మల్ల జనం జమైతరు.”

సోమవారం నుంచి పిల్లలు ఆమె వండింది తినలేదు. తల్లులు టిఫిన్ డబ్బాలు తెచ్చి బడి కంచె దగ్గర నిలబడ్డారు. హెడ్‌మాస్టర్ చేతులు నలుపుకున్నాడు. “తీసెయ్యమని నాకు ఆర్డర్ లేదు, తినబెట్టమని తల్లుల మీద నాకు అధికారం లేదు. నేనేం చెయ్యాలె సార్?”

ఆమె రావద్దన్నా వెళ్లాను. కంచం తెచ్చుకుని, అందరి ముందు కూర్చుని, ఆమె వండిన అన్నం, పప్పు తిన్నాను. ఈ రోగం అన్నంలో రాదని, చేతిలో రాదని, ముట్టుకుంటే రాదని చెప్పాను. ఒక తల్లి ముందుకొచ్చింది.

“నువ్వు తింటవ్. నీ సంచిల మందులున్నయ్. మా పిల్లల సంచుల ఏమున్నయ్?”

ఆ తల్లి కూడా నా గేటు దగ్గర పిల్లలకు జ్వరం గోలీలు తీసుకున్నదే.

సంగతి తెలిసి కమాండర్ బాధపడ్డాడు. నిజంగానే. “నేనూ వచ్చి తింటాను. కెమెరా తీసుకెళ్దాం,” అన్నాడు. దండం పెట్టి వద్దన్నాను.

మంచి కార్యక్రమం చేశారని పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. ఆ ఫోటో బ్యారక్ బోర్డు మీద పెట్టారు. నాకు బదిలీ వచ్చింది. ఆ తరువాత మరో రెండు చోట్ల చేసి, పెన్షన్ తీసుకుని దమ్మపేట వచ్చేశాను.

మొదటి ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. మందుపాతర గురించి చెప్తానని అందరూ ఎదురుచూశారు. వంటక్క గురించి చెప్పాను. ఆరాధన అయ్యాక ఒక సంఘ పెద్ద నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు.

“అంతా బాగుంది బ్రదర్. అసలు ఆమెకు అది ఎట్లా తగిలిందో అడిగారా?”

ప్రభువు కుష్ఠరోగిని ముట్టుకున్నప్పుడు ఆ ప్రశ్న అడగలేదు. ముట్టుకుని, బాగుచేసి, ఎవరితోనూ చెప్పవద్దని పంపాడు. మేము ముట్టుకోలేదు. బాగుచేయలేదు. మైకు పెట్టి ఊరంతా చెప్పాం. ఆ పెద్దకు ఇదే చెప్పాను. ఆయన మళ్లీ నన్ను సాక్ష్యానికి పిలవలేదు.

మందుపాతర కలలోకి రాదు. వాగూ రాదు. నేను క్యాంపు వదిలిన రోజు మాత్రం కళ్ల ముందు నుంచి పోవడం లేదు. వీపున సంచితో రోడ్డు మీద వరుసలో నిలబడ్డాను. బడి వసారా కనపడుతోంది. అన్నం గిన్నె మూత తీసి ఉంది. ఆవిరి లేస్తోంది. కంచాలు కడిగి వరుసగా పరిచి ఉన్నాయి. చేతిలో గరిటెతో వంటక్క నిలబడి, ఒక్కొక్క పిల్లను పేరు పెట్టి పిలుస్తోంది. తల్లుల మధ్యనుంచి ఒక పిల్ల అలవాటుగా “ఆఁ” అని పలికి అడుగు ముందుకేసింది. తల్లి చెయ్యి జడ పట్టుకుని వెనక్కి లాగింది. వంటక్క పిలవడం ఆపలేదు. తరువాతి పేరు పిలిచింది.

చదివేవారూ, నాతో కలిసి తల వంచండి. ఆమె పేరు మీకు అక్కరలేదు, ప్రభువుకు తెలుసు. ఆ కంచాల ముందు ఎవరైనా ఒకరు కూర్చునేదాకా, ఆమె పిలుపుకు ఎవరైనా ఒకరు వచ్చేదాకా, నాతో పాటు ఆయన్ని అడుగుతూ ఉండండి.