ఇప్పచెట్ల కింద ప్రార్థన

మా సంఘంలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే గొలుసు ప్రార్థన పెడతారు. గంటకొకరు చొప్పున మోకరించాలి, నోరు తెరిచి ప్రార్థించాలి, తర్వాతి మనిషి వచ్చేదాకా గొలుసు తెగకూడదు. ఆ మార్చిలో గొలుసు మా ఇంట్లోనే పెట్టారు, మా ఆయన కోసం. బొగ్గుబాయిలో దిగే మనిషి, నిమ్ము చేసి ఖమ్మం దవాఖానాలో గొంతులో గొట్టంతో పడి ఉన్నాడు. పొద్దున గొట్టం తీసి చూస్తామన్నారు డాక్టర్లు. తనంతట తాను ఊపిరి తీసుకుంటే సరే, లేకపోతే లేదు. ఐసీయూ దగ్గర ఒక్కరినే ఉండనిస్తారని మరిది అక్కడున్నాడు, నేను టేకులపల్లిలో.

తెల్లవారే గంట నాది. మోకరించి "ప్రభువా" అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. మళ్ళీ అన్నాను. మళ్ళీ అంతే. ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది రాత్రంతా మొత్తుకున్నారు కదా, వినపడలేదా నీకు? లేచి, ఫోన్ పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా ఇంటి వెనక అడవిలోకి నడిచాను.

ఇప్పచెట్ల కింద కోయ ఆడవాళ్ళు పువ్వు ఏరుతున్నారు. రాలిన పువ్వు కనబడాలని ముందే ఆకులు ఊడ్చి కాల్చారు, నేలంతా నల్లగా ఉంది. నేను అటూ ఇటూ తిరుగుతుంటే ఒకామె తలెత్తకుండానే, "జర పక్కకు నడువమ్మా, పువ్వు తొక్కుతున్నవ్" అంది. జరిగాను. అక్కడా పువ్వే. ఇక తిరగడం మానేసి నిలబడ్డాను. నెత్తి మీద, భుజం మీద టప్పు టప్పుమని పడుతున్నాయి, చల్లగా, మత్తు వాసనతో. ఎవరూ కోయడం లేదు, ఎవరూ అడగడం లేదు, అయినా పడుతున్నాయి. దేవుడు ఇక్కడే ఉన్నాడనిపించింది. ఓదార్పేమీ కలగలేదు, కోపం ఇంకా పెరిగింది. అక్కడ మనిషి ఊపిరాడక చస్తుంటే, ఇక్కడ తీరిగ్గా పూలు రాలుస్తున్నావా?

అత్తమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ఆమె ప్రార్థన మొదలుపెడితే వీధి చివరికి వినబడుతుంది, అంత గొంతు.

"గొలుసు తెంపొస్తివి గదనే" అంది.

"ప్రార్థన రాట్లేదత్తమ్మా. వస్తే తిట్లే వస్తున్నయ్."

చెడామడా వాయిస్తుందనుకున్నాను. ఆమె ఆ మసి నేల మీదే కూలబడింది. "నాకు మాత్రం వచ్చిందా? రాత్రి నా వంతుకు పెదవులాడిచ్చిన, గంతే. కన్నకొడుకాయె." కొంగు నెత్తిన కప్పుకుంది. "నువ్వు తిట్టు బిడ్డా. నేను ఆమెన్ అంటా."

తిట్టాను. ఎండ ఎక్కేదాకా, గొంతు బొంగురుపోయేదాకా తిట్టాను. పువ్వు ఏరేవాళ్ళు మమ్మల్ని ఓసారి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. నా ప్రతి మాటకూ అత్తమ్మ కళ్ళు మూసుకుని ఆమెన్ అంది. అప్పుడు ఫోన్ మోగింది. మరిది.

"వదినా, గొట్టం తీసిన్రు. అన్న మంచినీళ్ళు అడుగుతుండు."

ఆ మాటకు మాత్రం మా ఇద్దరికీ ఆమెన్ రాలేదు.