లోవరాజు గారి సగం తిట్టు

లోవరాజు గారు ఇంతవరకూ ఎవరినీ పూర్తిగా తిట్టి ఎరగరు. ఈ మాట విని ఆయన మెత్తని మనిషి కాబోలు అనుకునేరు. పొద్దున్నే ఆరింటికల్లా ఏటిగట్టు మీద నిలబడి, వచ్చే సైకిలునీ పరిగెత్తే మనిషినీ వెదురుకర్ర అడ్డంపెట్టి ఆపి, గోదావరి అవతలి ఒడ్డుకి వినపడేలా కేకలేసే మనిషాయన. కాకపోతే తిట్టు సరిగ్గా పదునెక్కే వేళకి, మాట మధ్యలో టక్కున ఆపేసి, "సరే, వెళ్ళు వెళ్ళు" అంటారు. తినాల్సిన మిగతా సగం ఏమై ఉంటుందా అని అవతలివాడు రోజంతా కొట్టుకు చావాలి.

అలా నాలుగు నెలలుగా కొట్టుకు చస్తున్నవాడు యుగంధర్. ఇల్లు పెనుగొండలో, ఉద్యోగం భీమవరంలో ఒక రొయ్యల మేత కంపెనీలో. ముప్పై రెండేళ్ళకే షుగరు వచ్చేలా ఉందని డాక్టరు భయపెడితే, పట్టుదలగా గేర్ల సైకిలు కొన్నాడు. గట్టు మీద పది కిలోమీటర్లు ఇరవై నిమిషాల్లో తొక్కాలని పంతం. ఫోనులో యాప్ మాత్రం రోజూ ఇరవై నాలుగు చూపిస్తుంది. ఆ నాలుగు నిమిషాలూ లోవరాజు గారి ఖాతాలోవి.

మొదటిరోజు సంగతి యుగంధర్ జన్మలో మరిచిపోడు. గట్టు మలుపులో తుమ్మపొదలు దాటుతుంటే, రేవు నుంచి బాట పైకెక్కే చోట, ముందు చక్రానికి అడ్డంగా కర్ర వాలింది.

"బెల్లు ఏదండీ?" అన్నారు లోవరాజు గారు.

"పెట్టించలేదండి. సైకిలు బరువెక్కుతుందని."

ఆయన సైకిలు వంక చూశారు. తరవాత యుగంధర్ పొట్ట వంక చూశారు. "దీనికంటేనాండీ?"

"కాస్త మర్యాదగా మాట్లాడండి."

"మర్యాదా! చప్పుడు లేకుండా వెనకనించొచ్చి మనుషుల పిక్కల మీదికి ఎక్కించేవాడివి, నువ్వా నాకు మర్యాద చెప్పేది? పడవైనా సరే, లాకుల్లోకి రావాలంటే ఫర్లాంగు దూరాన్నించి బూర ఊదాలి! నీకు ఊదడానికి నోరు లేదూ? మోగించడానికి బెల్లు లేదూ? అసలు నీలాంటి వాణ్ణి..."

ఎక్కణ్ణుంచో చేపల వాసన గుప్పుమంది. లోవరాజు గారు కర్ర ఎత్తేశారు. "సరే, వెళ్ళు వెళ్ళు."

"నాలాంటి వాణ్ణి? ఏం చెయ్యాలండీ నాలాంటి వాణ్ణి?"

"వెళ్ళమన్నానా!"

యుగంధర్ వెళ్ళాడు. ఆఫీసులో మేత బస్తాల లెక్క చూస్తున్నా, ఇంట్లో అన్నం కలుపుకుంటున్నా అదే గోల. నీలాంటి వాణ్ణి ఏం చెయ్యాలి? గోదాట్లో తోసెయ్యాలా? తలకిందులుగా వేలాడదీయాలా? తిట్టు ఏదైనా పడొచ్చుగానీ ఇలా సగంలో వదిలేస్తే మనిషన్నవాడు ఎలా ఓర్చుకుంటాడు?

లోవరాజు గారు కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేశారు. లాకు తలుపులు మూయడం, పడవ లోపలికొచ్చాక నీళ్ళు సమం చేయడం, అవతలి తలుపులు తీయడం ఆయన ఉద్యోగం. ఆయన చేరిన కొన్నాళ్ళకే పడవలు రావడం మానేశాయి. రాని పడవలకోసం తలుపులకి నూనె రాసుకుంటూ మిగతా సర్వీసంతా గడిపారు. "ముప్పై ఏళ్ళు ఎవర్నీ ఆపే భాగ్యం లేక, ఆ కసంతా ఇప్పుడు మనమీద తీర్చుకుంటున్నాడు" అని యుగంధర్ సిద్ధాంతం.

రోజూ పొద్దున్న పరుగు తీసే ఉషారాణి టీచరు గారికి ఇయర్‌ఫోన్ల మీద తిట్లు. "చెవులకి బిరడాలు పెట్టుకుని రోడ్డెక్కుతారా తల్లీ? పిల్లలు ఇలా క్లాసులో కూచుంటే ఊరుకుంటారా మీరు? రేపు వెనకనించి ఎద్దొచ్చి..." అంతే. ఎద్దొచ్చి ఏం చేస్తుందో ఆవిడకి ఈనాటికీ తెలీదు. కుక్కని తిప్పే విజయ్ పాల్ గారికి తాడు పొడవు మీద తిట్లు. విచిత్రమేమిటంటే కుక్కకి మాత్రం ఎంతో గౌరవం. "ప్రిన్స్ గారూ, తమరు కూచోండి. తప్పు తమరిది కాదు, తాడు పట్టుకున్న పెద్దమనిషిది" అనేవారు. ఆ మర్యాదకి లొంగిపోయి, ఆయన ఉండే చోటికి రెండు గజాల ముందే ప్రిన్స్ తనంతట తను చతికిలబడేది.

యుగంధర్‌తో కలిపి ఈ ముగ్గురూ ఏమైనా సఖ్యంగా ఉండేవాళ్ళా అంటే అదీ లేదు. పరిగెత్తేవాళ్ళు నలుగురు పక్కపక్కన పెళ్ళి ఊరేగింపులా వస్తారని సైకిలువాళ్ళ మంట. సైకిలువాళ్ళు గట్టు వాళ్ళ తాతగారు పోయించినట్టు తొక్కుతారని పరిగెత్తేవాళ్ళ మంట. కుక్క ఒక పక్కా, యజమాని ఒక పక్కా, మధ్యలో తాడూ ఉంటే తామెలా పోవాలని ఇద్దరి మంట. పదడుగుల దారి మీద ఇంత కోపం ఎలా పట్టిందో ఆశ్చర్యం. ఒక్కడూ పక్కకి జరిగేవాడు కాదు. ఒక్క విషయంలోనే వాళ్ళందరిదీ ఒకే మాట. లోవరాజు గారిని గట్టు మీంచి తరిమెయ్యాలి.

యుగంధర్ అర్జీ రాశాడు. "సదరు వ్యక్తి ప్రజల రాకపోకలకు ఆటంకం కలిగిస్తూ దుర్భాషలాడుచున్నందున, అతనిని గట్టుపైకి రాకుండా కట్టడి చేయగలరు." నలభై మూడు సంతకాలయ్యాయి. సోమవారం పదింటికి నీటిపారుదల శాఖ ఆఫీసులో ఇవ్వాలి. ఆఫీసరు సంతకం పడితే, ఉద్యోగం అయిపోయాక లోవరాజు గారికి మిగిలిన ఆ గట్టు కూడా ఉండదు. ఉండకూడదనే యుగంధర్ కోరిక.

సోమవారం పొద్దున్న, అర్జీ జేబులో పెట్టుకునే సైకిలెక్కాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి కర్ర లేదు. మనిషి లేడు. యుగంధర్‌కి ఒళ్ళు పులకరించింది. గేరు మార్చి, నడుం వంచి, ఇవాళ ఇరవై నిమిషాల్లో కొట్టేద్దామని బలమంతా పెట్టి తొక్కాడు.

తుమ్మపొదల వెనకనించి ఒక తట్ట పైకి లేచింది. తట్ట కింద మనిషి.

బ్రేకులు కీచుమన్నాయి. సైకిలు ఒక పక్క, యుగంధర్ ఒక పక్క. మనిషికి తగల్లేదుగానీ, బెదిరి కూలబడింది. తట్టలోని చేపలన్నీ గట్టు మీద పరుచుకున్నాయి. చెవుల్లో పాటతో వెనకే వచ్చిన ఉషారాణి ఒక చేప మీద కాలేసి జర్రున జారి, పడి ఉన్న సైకిలు మీద చేతులు ఆనించి ఆగింది. ప్రిన్స్ విజయ్ పాల్ గారిని లాక్కుంటూ వచ్చి, అలవాటు ప్రకారం ఆ చోటికి రెండు గజాల ముందు చతికిలబడింది. ఎదుట ఇన్ని చేపలున్నా లేవలేదు. ఆ పూట గట్టు మీద బుద్ధిగా ఉన్నది అదొక్కటే.

కూలబడినావిడ పేరు పెద్దింట్లమ్మ. లేస్తూనే అందుకుంది. "కళ్ళు కనపడవాండీ? నెత్తిన తట్టతో తడి బాటెక్కుతన్నాం. మధ్యలో ఆగితే జారిపోతాం. మెడ తిప్పి చూద్దామంటే తట్ట తిరగబడద్ది. మేమెలా తప్పుకుంటామండీ, చెప్పండి? ఏరండీ ఆ తిట్టే బాబుగారు?"

"ఆయన... ఇవాళ రాలేదండి" అన్నాడు యుగంధర్, మోచెయ్యి పట్టుకుని.

"రాలేదా? మరి తిట్లు వినపడ్డాయే!"

వినపడ్డవి విజయ్ పాల్ గారి తిట్లు. అంతకు రెండు నిమిషాల ముందు ఎవరో సైకిలువాడితో తగువు పెట్టుకున్నారు.

"అయ్యో రాత!" అని తల కొట్టుకుంది పెద్దింట్లమ్మ. "ఆయన తిట్లు వినపడితే దారి ఆగిందని మాకు గుర్తండీ. అప్పుడెక్కుతాం. ఆఖరి తట్ట అవతల ఆటోకాడికి దిగిందాకా తిడతానే ఉంటారు మారాజు. మూడేళ్ళనించీ ఒక్క చేప కింద పడలేదు. ఇయ్యాల ఆయన లేపోయేసరికి చూడండి మా గతి."

ఇన్నాళ్ళూ లోవరాజు గారి వెనక దాటుతున్న తట్టలు, తగువు వేడిలో ఒక్కరి కంటికీ ఆనలేదు. యుగంధర్ మోకాళ్ళ మీద కూచుని చేపలు ఏరడం మొదలుపెట్టాడు. జేబులో అర్జీ గుచ్చుకుంది. సిగ్గుతో ముఖం మండిపోయింది. తనమీద తనకే అంత కోపం అతనికి ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం ముగ్గురూ బత్తాయిలు పట్టుకుని లోవరాజు గారింటికి వెళ్ళారు. కోడలు దుర్గాశ్రీ తలుపు తీసింది.

"సగం తిట్లవాళ్ళు మీరేనాండీ? రండి. మిగతా సగం ఇంటికొచ్చి మామీద పూర్తిచేస్తారండి మా మావయ్యగారు."

యుగంధర్ ఆశగా ముందుకొచ్చాడు. "అయితే 'నీలాంటి వాణ్ణి' అన్నది కూడా ఏమైనా..."

"ఎప్పటిదండీ?"

"నాలుగు నెలల కిందటిది."

"అంత పాతవి గుర్తుండవండి."

లోవరాజు గారు జ్వరంతో, పట్టేసిన మోకాళ్ళతో మంచం మీదున్నారు. చూడగానే, "చెప్పులు అలా అడ్డంగా విప్పుతారా? వచ్చేవాళ్ళు ఎలా రావాలి?" అని మొదలుపెట్టారు.

"ఆడవాళ్ళు ఎక్కుతున్నారు, ఆగమని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది కదండీ" అంది ఉషారాణి.

"చెప్పలేదనుకున్నారా? చేతులు జోడించి చెప్పాను. ఒక్కడు ఆగితే ఒట్టు! బోర్డు రాయించి పాతాను. దానికి సైకిళ్ళు ఆనించి ఫొటోలు దిగారు. ఓ రోజు కోపం పట్టలేక ఒకణ్ణి నానా మాటలూ అన్నాను. వాడాగిపోయాడు! దేనికీ? నన్ను తిరిగి తిట్టడానికి. వాడి వెనక ఆరుగురు ఆగారు, తమాషా చూడ్డానికి. మర్యాదగా అడిగితే ఎవడూ ఆగడండి. తగువంటే మాత్రం ఊరంతా ఆగుద్ది."

తరవాత చెయ్యి చాచారు. "ఏదీ ఆ అర్జీ? విజయ్ పాల్ గారి కుక్క తప్ప అందరూ సంతకం పెట్టారటగా."

యుగంధర్ తలొంచుకుని ఇచ్చాడు. ఆయన చివరిదాకా చదివి మండిపడ్డారు. "ఏఈ గారికి రాశావేంటి? గట్టు డీఈ గారి కింద ఉంటది! ఇది ఆర్నెల్లు బల్లల చుట్టూ తిరుగుద్ది. ఆఖరికి నన్ను తరిమెయ్యడం కూడా సరిగ్గా చేతకాలేదు నీకు."

యుగంధర్ ఆ కాగితం లాక్కుని ముక్కలు ముక్కలుగా చింపేశాడు. "రేపు కర్ర నేను పట్టుకుంటానండి" అన్నాడు.

మర్నాడు ఆరింటికి పట్టుకున్నాడు. భీమవరం నుంచి ఆరుగురు సైకిళ్ళ మీద వస్తున్నారు. "దయచేసి ఆగండి సార్, ప్లీజ్" అన్నాడు. ముందువాడు చెయ్యూపి వెళ్ళిపోయాడు.

పొదల కిందనించి పెద్దింట్లమ్మ గొంతు వినిపించింది. "గట్టిగా తిట్టండి బాబూ! మాకు వినపట్టంలేదు!"

యుగంధర్ రెండోవాడి చక్రానికి కర్ర అడ్డంపెట్టాడు. "బెల్లు ఏదండీ?"

"బరువని పెట్టలేదండి."

ఆ మాటతో నాలుగు నెలల మంటా ఒక్కసారిగా పైకొచ్చింది. సైకిళ్ళవాళ్ళని, హెల్మెట్లని, తన పొట్టని, ముందురోజు తను చేసిన నిర్వాకాన్ని అన్నిటినీ కలిపి తిట్టాడు. మిగతా నలుగురూ ఆగారు. ఉషారాణి ఆగింది. ప్రిన్స్ కూచుంది. వెనకాల చేపల వాసన గుప్పుమంది, ఆఖరి తట్ట దాటింది. యుగంధర్ టక్కున ఆపేసి, "సరే, వెళ్ళు వెళ్ళు" అన్నాడు.

"అదేంటండీ?" అని ఆ భీమవరం అబ్బాయి లబోదిబోమన్నాడు. "పూర్తిగా తిట్టండి!"

పదోరోజున లోవరాజు గారు కర్ర తిరిగి తీసుకున్నారు. ఆ పొద్దున యుగంధర్ కొత్త బెల్లు మోగించుకుంటూ వచ్చి, తనే దిగి నిలబడ్డాడు.

"ఇవాళైనా చెప్పండి. నాలాంటి వాణ్ణి ఏం చెయ్యాలి?"

లోవరాజు గారు రేవు వైపు ఓ చెవి వేసి, గొంతు పెంచారు. "ఇంకా సిగ్గులేకుండా అడుగుతున్నావా? బెల్లు పెట్టగానే పెద్దమనిషివైపోయావా? నువ్వు తిడితే పది గజాలు వినపడదు, కర్ర పట్టుకోవడం రాదు! అయినా ఈ మోకాళ్ళు పూర్తిగా మొరాయించిన రోజున, నీలాంటి వాణ్ణి ఒక్కణ్ణి ఇక్కడ..."

పెద్దింట్లమ్మ తట్ట ఆయన వెనకనించి గట్టు దాటింది.

"సరే, వెళ్ళు వెళ్ళు" అన్నారు లోవరాజు గారు.

యుగంధర్ ఈసారి మిగతా సగం అడగలేదు. సైకిలెక్కి, ఎదురుగా ఎవరూ లేకపోయినా, మలుపు తిరిగేదాకా బెల్లు మోగిస్తూనే ఉన్నాడు.