ప్లేటు మీది పాకుడు

సముద్రానికి ఎంతో దూరాన, ఉక్కు ఫ్యాక్టరీల ఊరు హథ్‌ఖోజ్‌లోని మా ల్యాబ్‌కి ఈ రోజు, విశాఖ సముద్రంలో నెలల తరబడి నానిన స్టెయిన్‌లెస్ స్టీల్ ప్లేటు వచ్చింది. దానికి పట్టిన పాకుడులోని సూక్ష్మజీవులు మీటర్లో వోల్టేజీ ఎంత పెంచుతాయో, తుప్పును ఎంత తొందరపెడతాయో చూడాలి. నేను టీ తాగి వచ్చేసరికి, ల్యాబ్ ఊడ్చి తుడిచే వర్మా భయ్యా దాన్ని గుడ్డతో తళతళలాడేలా తుడిచేశాడు. మా ఊళ్లో మెరిస్తేనే స్టీలు మరి!

"గందా థా, దీదీ," మురికిగా ఉందని తుడిచానన్నాడు హిందీలో.

ఒళ్లు మండింది. తిట్టబోతూ, ఆ గుడ్డ వాసన తగిలి ఆగిపోయాను. అమ్మకి చూపిద్దామని దాన్ని ఇంటికి పట్టుకొచ్చాను.

భీమిలి వదిలి ఏళ్లయిన అమ్మ దాన్ని ముక్కుకు ఆనించుకుంది. "ఏటే ఇది, మా రేవు వాసనొస్తంది! ఉతికీకే, ఉండనీ."

పాకుడు ఏదని అడిగితే రేపు మా ల్యాబ్ సారుకి ఏం చెప్పాలో మీరే చెప్పండి. అమ్మ మాత్రం గుడ్డ ఆరిపోకుండా ఉప్పునీళ్లు చల్లుతోంది.