పొట్టేలు ఆకలి, మా అక్క ఆకలి

ఆకలి పాపమా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి!

మొన్న ఆదివారం ప్రార్థనకు బయలుదేరుతుంటే కబురొచ్చింది. బయ్యారంలో మా పక్కింటి పశువుల డాక్టరు సారు పోయారు. ఆ పూట చెప్పాల్సిన వాక్యం పక్కన పెట్టి ఆయన గురించే చెప్పాను.

మొగుళ్లపల్లిలో ఉద్యోగం ముగించుకుని మా పక్కకు వచ్చారాయన. పెరట్లో గొర్రెలకు మేత వేసి, ఎదురుగా కుర్చీ వేసుకుని చూసేవారు.

"ఒక్క తల్లి పిల్లలే, ఒక్కటే గడ్డి. గిదేమో జర కొరికి పండుకుంటది, గది తొట్టి నాకుతది. దాని తప్పా? బాగ మేసే పొట్టేలునే మందకు ఎంచుతం. ఆ ఆకలి పిల్లలకొస్తది. మనమే ఎంచి, మనమే తిడుతం."

నేనూరుకుంటానా! గ్రంథం తెరిచాను. "తిండిబోతుతనం తప్పని రాసున్నది, సార్."

"ఉంటది. ఆకలే తప్పని యాడున్నది? చూపియ్యి."

ఇప్పటికీ పేజీలు తిప్పుతున్నాను. కనబడలేదు.

తెలంగాణ కోసం ఊరూరా రిలే నిరాహార దీక్షలు నడుస్తున్న రోజులవి. మా అక్క భారీ మనిషి. తనూ కూర్చుంటానని టెంటుకు వచ్చింది.

"అక్కా, పది గాకముందే సర్వపిండి అడుగుతవ్!" అన్నారు పిలగాండ్లు. అందరూ నవ్వారు. అక్క విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుంది.

"జర ఆగు, బిడ్డా." సారు వచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చున్నారు. "కడుపు నిండిందని మెదడుకు తెలిపే జన్యువు పందుల్ల ఉన్నది, మనుషుల్ల ఉన్నది. కొందరిల అది మెల్లగ చెప్తది. తిండి తీరు కొంత పుట్టుకతోటి, కొంత అలవాటుతోటి వస్తదిరా. గీ బిడ్డ ఉపాసం మీ అందరికంటె బరువైంది."

"అంటే నేను పందినా, సార్?" అంది అక్క.

"నువ్వొక్కదానివే ఎందుకైతవ్? నేను గూడ!"

టెంటంతా నవ్వింది. ఈసారి అక్కా నవ్వింది, చెప్పులు వదిలి కూర్చుంది.

సాయంత్రం నిమ్మరసం వచ్చేముందు సారు మెల్లగా అడిగారు: "ఎంత ఆకలైతాంది, బిడ్డా?"

పొద్దంతా ఓర్చుకున్న మనిషి, ఆ మాటకు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎంత తిన్నావని అడిగినవాళ్లమే మేమందరం. ఎంత ఆకలని అడిగింది ఆయనొక్కరే.

ప్రియులారా, మీ ఇంట్లోనూ ఉంటారు ఒకరు, మారు అన్నం వడ్డించుకోవడానికి నలుగురి మొహాలు చూసేవారు. రేపటి దాకా ఆగకండి. లేవండి! ఇవాళే, ఈ పూటే, కూర చల్లారకముందే వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. అడగండి.